బడి మూసింది ఎవరు, మాట పడింది ఎవరు?

2021 మార్చి 22న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రభుత్వోద్యోగులకు, ఉపాధ్యాయులకు 30 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు) ప్రకటించారు. వేతన సవరణ కోసం వేసిన బిస్వాల్ కమిటీ సిఫారసు చేసింది ఏడున్నర శాతమే. పదవీ విరమణ వయసు కూడా 61కి పెంచారు. మర్నాడు విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి అదే సభలో, కరోనా కేసులు పెరుగుతున్నందున 24 నుంచి బడులు మూసేస్తున్నామని చెప్పారు. దాదాపు పదిన్నర నెలల మూత తర్వాత ఫిబ్రవరి 1న మొదలైన తరగతులు రెండు నెలలైనా నిండకుండానే ఆగిపోయాయి. ఈ రెండు నిర్ణయాలకూ సంబంధం లేదు. ఒకటి ఏళ్ల తరబడి నానుతున్న వేతన సవరణ, రెండోది వైద్యశాఖ లెక్కలు చూసి తీసుకున్నది. కానీ కిస్తీ కట్టలేక ఫైనాన్స్ వాళ్లకు ఆటో అప్పజెప్పి వచ్చిన మనిషికి రెండూ కలిసి ఒకటే వార్తగా వినపడ్డాయి. 'జీతాలు పెంచిన్రు, బడులు బంద్ పెట్టిన్రు, సార్లకేంది!'

ఆ మాట అక్కడితో ఆగలేదు. వేతన సవరణ (పీఆర్సీ) ఊసు వచ్చిన ప్రతిసారీ, డీఏ బకాయిల గురించి సంఘాలు నోరు తెరిచిన ప్రతిసారీ 'కరోనా రెండేళ్లు కూర్చోబెట్టి జీతమిచ్చాం కదా' అనే దెప్పు తప్పకుండా వినపడుతోంది. చదువుకున్నవాళ్ల నోట మరీ ఎక్కువ. ఆ కోపాన్ని అజ్ఞానమని తోసిపుచ్చితే లాభం లేదు. అందులో నిజముంది. కాకపోతే ఆ నిజం తగలాల్సిన చోట తగల్లేదు.

ముందు జీతం సంగతి చూద్దాం. లాక్‌డౌన్ మొదలైన వారం రోజుల్లోనే తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతంలో సగం కోసింది, పింఛన్లనూ వదల్లేదు. ఏ చట్టం కింద కోశారని హైకోర్టు అడిగితే జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా సగం జీతాన్ని వాయిదా వేసింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాయిదా వేసిన మొత్తాన్ని 6 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చేసిన పనికి రావాల్సిన జీతం ఉద్యోగి హక్కేనని ధర్మాసనం తేల్చింది. ఇవేవీ జనానికి గుర్తులేవు. గుర్తుండాలని అనడానికీ మనసొప్పదు. సగం జీతం వచ్చినవాడి కష్టాన్ని అసలు జీతమే రానివాడు గుర్తుపెట్టుకోవాలనడం అత్యాశే.

బడి మూత మాటకొస్తే, దాన్ని ఉపాధ్యాయుడు అడిగిందీ లేదు, అతణ్ని ఎవరూ అడిగిందీ లేదు. మూయడం సర్కారు ఉత్తర్వే, తెరవడం సర్కారు ఉత్తర్వే. తెరిచేటప్పుడు ఒక కాగితం మాత్రం ఇంటింటికీ వెళ్లింది, అంగీకార పత్రం. 'మా పిల్లవాణ్ని బడికి పంపడానికి మాకు సమ్మతమే' అని తల్లో తండ్రో సంతకం పెట్టి పంపాలి. సంతకం పెట్టకపోతే పిల్లవాడు ఇంట్లోనే ఉండొచ్చు, హాజరు తప్పనిసరి కాదు. ఆ కాగితాలు పోగుచేసి, లెక్కగట్టి, పైకి పంపింది టీచర్లే. తమ రాకకు సమ్మతమా అని అడిగే కాగితం వాళ్లకెవరూ ఇవ్వలేదు. ఇంట్లో షుగరున్న తల్లి ఉన్నా, ఊపిరితిత్తుల జబ్బున్న భర్త ఉన్నా బస్సెక్కి రావాల్సిందే. ప్రభుత్వోద్యోగికి అది తప్పదనుకుందాం. కానీ రానని మొండికేసినట్టు, రమ్మంటే సమ్మె కట్టినట్టు ఇవాళ చెప్పుకుంటున్న కథ మన రాష్ట్రాల్లో జరగనే లేదు. అమెరికాలో షికాగో ఉపాధ్యాయ సంఘం 2022 జనవరిలో తరగతికి రామని తీర్మానించింది, మేయర్ లోరీ లైట్‌ఫుట్ ఐదు రోజులు తరగతులే రద్దు చేశారు. వాట్సాప్ పుణ్యమా అని ఆ తగువు మన పంతుళ్ల మెడకూ చుట్టుకుంది.

'కూర్చోబెట్టి' అన్న మాట మీద కాస్త ఆగుదాం. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఏ పిల్లకు టీవీ ఉంది, ఎవరింట్లో ఫోనుంది, రెండూ లేనివాళ్లెవరు అని టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పట్టిక తయారు చేశారు. మొదటి రెండు గడులూ నింపడం తేలికే. చిక్కంతా మూడో గడితో. అందులో పేరున్న పిల్ల పదింటికి పాఠం వచ్చే వేళకు పత్తి చేలో ఉంటుంది. 'పక్కింటి టీవీలో చూడమని చెప్పాం' అని రాసుకుని రావాలి. చూసిందో లేదో మళ్లీ వారం వెళ్లి అడగాలి. ఇదేమీ గొప్ప బోధన కాదు. నిజం చెప్పాలంటే చాలా ఊళ్లలో కంటితుడుపే. మనసుపెట్టి తిరిగినవాళ్లు ఉన్నారు, చెట్టుకింద కూర్చుని ఫోన్లోనే పట్టిక నింపినవాళ్లూ ఉన్నారు. ఏమైనా అది సెలవు మాత్రం కాదు.

చదువుతో సంబంధం లేని పనులు వేరే. 2020 మే మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిస్తే జనం విరగబడ్డారు. విశాఖ జిల్లాలో ఆ క్యూలను అదుపు చేయడానికి టీచర్లకు డ్యూటీలు వేశారు. గోల లేచింది. నవ్వొచ్చే విషయమే, కానీ ప్రభుత్వానికి టీచరు ఎలా కనిపిస్తాడో ఇంతకన్నా స్పష్టంగా తెలిసే సందర్భం దొరకదు. ఉత్తరప్రదేశ్‌లో నవ్వు కూడా రాదు. అక్కడ 2021 ఏప్రిల్‌లో, రెండో ఉధృతి నడిమధ్యలో, పంచాయతీ ఎన్నికలు జరిపారు. ఎన్నికల విధులకు వెళ్లినవాళ్లలో 1,621 మంది ఉపాధ్యాయులు, విద్యాశాఖ సిబ్బంది చనిపోయారని ప్రాథమిక ఉపాధ్యాయుల సంఘం పేర్లతో జాబితా ఇచ్చింది. ప్రభుత్వం మొదట చెప్పిన లెక్క ముగ్గురు. విధుల్లో ఉండగా పోతేనే లెక్క అన్నారు. కరోనా వచ్చినవాడు పోలింగ్ బూత్‌లోనే ప్రాణం వదలాలి కాబోలు! విమర్శలు ముంచెత్తాక నిబంధన సడలించి పరిహారం ఇచ్చారు.

మన దగ్గర జీతం గొడవ, బడి గొడవ నిజంగా ముడిపడింది ఆంధ్రప్రదేశ్‌లో, 2022 జనవరిలో. ఒమిక్రాన్ పాకుతోందని తెలంగాణ నెలాఖరు దాకా సెలవులు పొడిగించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం సంక్రాంతి కాగానే 17న బడులు తెరిచింది. పిల్లలకు చదువు నష్టం అప్పటికే చాలా జరిగింది కాబట్టి అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. పీఆర్సీ జీవోలు వెలువడిందీ ఆ 17నే. ఫిట్‌మెంట్ 23 శాతం. అప్పటికే వాళ్లు అందుకుంటున్న మధ్యంతర భృతి 27 శాతం. దానికితోడు ఇంటి అద్దె భత్యం శ్లాబులు కుదించారు. పీఆర్సీ వస్తే జీతం తగ్గడం మేమెప్పుడూ చూడలేదని టీచర్లు కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు పిలుపిస్తే కోవిడ్ నిబంధనలు చెప్పి పోలీసులు అనుమతి నిరాకరించారు. అయినా వేలమంది వేషాలు మార్చుకుని మరీ బీఆర్టీఎస్ రోడ్డుకు చేరారు.

ఇక్కడ రెండు వైపులా వేలు చూపించవచ్చు. నలభై మంది పిల్లలున్న గదిలోకి పంపేటప్పుడు అడ్డురాని కరోనా, ఆరుబయట ఊరేగింపుకు అడ్డొచ్చిందా అని ప్రభుత్వాన్ని అడగాలి. జనం మాత్రం రెండో ప్రశ్నే అడిగారు, 'జీతానికైతే భయం లేదు, అవునా?' అని. టీచర్లు అప్పటికి తరగతుల్లోనే ఉన్నారన్న సంగతి ఆ ప్రశ్నలో లేదు. ఉద్యోగ సంఘాల నేతలు ఫిబ్రవరి 5న ప్రభుత్వంతో రాజీకొచ్చారు. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు, ఒంటరిగా మిగిలాయి.

వాటి ఒంటరితనానికి కారణం బయట మాత్రమే లేదు. 2020 ఏప్రిల్‌లో కేరళ ప్రభుత్వం నెలకు ఆరు రోజుల చొప్పున ఐదు నెలల జీతాన్ని వాయిదా వేస్తే, అక్కడి ఒక ఉపాధ్యాయ సంఘం వాళ్లు ఆ ఉత్తర్వు ప్రతులను తగలబెట్టారు. కోర్టు కొద్ది రోజుల్లోనే ఉత్తర్వును ఆపింది, అంటే న్యాయం వాళ్ల వైపే ఉంది. కానీ దేశమంతా రోడ్డున నడిచిపోతున్న వలస కూలీలను చూస్తున్న రోజుల్లో ఆ మంట ఫొటో వాళ్లకు చేసిన చేటు ఏ ఉత్తర్వూ చేయలేదు. మన సంఘాలు అంత దుందుడుకుగా పోలేదు. అయితే వాళ్ల కరపత్రాలు చూడండి, ఫిట్‌మెంట్, శ్లాబు, స్కేలు, సీపీఎస్ పింఛను. అన్నీ ఉద్యోగి భాషే. బడి గురించి, బడి మానేసిన పిల్ల గురించి, పక్క వీధి ప్రైవేటు బడిలో జీతం ఆగిపోయిన సాటి టీచరు గురించి నిలబడి కొట్లాడిన సందర్భాలు తక్కువ. అసలు లోటు ఇక్కడుంది.

ప్రభుత్వ టీచరు జీతం మీద కోపానికి వెన్నెముకలాంటి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నాలుగేళ్లపాటు చేసిన అధ్యయనంలో, ప్రైవేటు బడి టీచరు జీతం ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు కన్నా తక్కువ. ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు మూడో వంతు లోపే. తెలుగులో, లెక్కల్లో మాత్రం రెండు చోట్లా పిల్లలు ఇంచుమించు సమానం. ఇండోనేసియాలో టీచర్ల జీతం రెట్టింపు చేసినా పిల్లల మార్కులు కదల్లేదని మరో అధ్యయనంలో తేలింది. మరి ఆరింతలు ఎందుకివ్వాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. జీతానికీ చదువుకూ నేరుగా లంకె ఉందని ఏ సంఘమూ రుజువు చేయలేదు.

అయితే ఆ ఆరో వంతు ఏ పునాది మీద నిలబడిందో కరోనా చూపించింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఫీజులు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి అని. తల్లిదండ్రులకు అది ఊరట. చాలామంది అదీ కట్టలేదు, కట్టలేకపోయారు. యాజమాన్యాలు మొదట కోసింది టీచర్ల జీతం. సగమన్నారు, పావన్నారు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని ఉంచుకుని మిగతావాళ్లను బడి తెరిచాక కబురు చేస్తామన్నారు. బీఈడీలు, ఎమ్మెస్సీలు చేసినవాళ్లు కూరగాయల బండి పెట్టారు, అరటిపండ్లు అమ్మారు, ఉపాధి హామీ పనిలో తట్ట ఎత్తారు. ఆత్మహత్యలు జరిగాయి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు రూ.2,000, 25 కిలోల బియ్యం ప్రకటించింది. లక్షకు పైగా మంది దానికోసం దరఖాస్తు పెట్టుకున్నారు. తక్కువ ఖర్చుతో అదే చదువు అని మెచ్చుకుంటున్న ఏర్పాటు ఒక్క ఏడాది ఫీజు ఆగితే రేషన్ బియ్యానికి దిగింది. చవకగా కనిపించిన ఆ చదువు ఖర్చులో మిగతా భాగాన్ని ఇన్నేళ్లుగా ఆ టీచరే తన కడుపు మాడ్చుకుని కడుతున్నాడు.

ఆ కష్టకాలంలో జనం ఎటు వెళ్లారో కూడా చూడాలి. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేల ప్రకారం దేశంలో పల్లె పిల్లల్లో ప్రభుత్వ బడికి వెళ్లేవాళ్లు 2018లో 65.6 శాతం. 2022 నాటికి దాదాపు 73 శాతం. ఫీజు కట్టలేనప్పుడు అందరికీ సర్కారు బడి గుర్తొచ్చింది, జీతం తీసుకుంటున్న ఆ సారే చేర్చుకున్నాడు. 2024కు అది 67 శాతం దగ్గరికి దిగింది. చేతిలో డబ్బాడగానే వెనక్కి వెళ్లిపోయారు. చదువు సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 20.9 శాతం, కరోనా తర్వాత 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పడిపోయింది, లేచింది, పాత గీతను దాటింది. నాలుగో వంతుకైనా చేరని ఈ అంకెను చూసి చప్పట్లు కొట్టలేం. కానీ కూర్చుని జీతం తిన్నారని చెప్పేవాళ్లు ఈ రెండేళ్ల పెరుగుదల ఎవరి చేతిమీదుగా వచ్చిందో చెప్పాలి.

సర్కారు టీచర్లను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి ఎప్పుడూ ఉంటుంది, 'మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?' అని. ఎక్కువమంది దగ్గర జవాబు లేదు. అధికారులు, ఉద్యోగులు తమ పిల్లలను సర్కారు బడికే పంపాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. అమలు సంగతి అడక్కండి. తన బడిని తన పిల్లలకు సరిపోనిదిగా చూసే టీచరుకు ఊళ్లో వెనకేసుకొచ్చే మనిషి దొరకడు. వేతన సవరణ రోజున అది బయటపడుతుంది.

పోనీ, కోపం కోపంగానే ఉండనిద్దాం. దాన్ని ఎవరి మీదికి తిప్పాలో తెలియాలి. ప్రైవేటు బడి ఫీజుల రాబడిలో 50 శాతం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం వాళ్ల భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమాలకు పోవాలని, యాజమాన్యానికి లాభం 5 శాతమేనని 1994లోనే జీవో నంబర్ 1 వచ్చింది. టీచరు జీతం ఎక్కువని వాదించేవాళ్లలో ఈ జీవో పేరెత్తినవాణ్ని నేను చూడలేదు. 2021లో ఆ రెండు వేల రూపాయల కోసం తెలంగాణ విద్యాశాఖ ఏ బడిలో ఎందరు టీచర్లున్నారో పేర్లతో, బ్యాంకు ఖాతాలతో సహా రాబట్టింది. బియ్యం ఇవ్వడానికి పనికొచ్చిన ఆ జాబితా, జీతం ఎంతిచ్చారని యాజమాన్యాలను అడగడానికీ పనికొస్తుంది. ఉపాధ్యాయ సంఘాలు వచ్చే పీఆర్సీ విజ్ఞాపన పత్రంలో మొదటి డిమాండుగా దీన్ని పెట్టి చూడాలి. బడివారీగా ఫీజుల రాబడి ఎంత, జీతాల ఖర్చు ఎంత, మండల విద్యాధికారి కార్యాలయం గోడకు అంటించమని.