అదే కుర్రాళ్లు, వేరే పంతులు

మిషిగన్ ఫుట్‌బాల్ అభిమానులు ఏళ్ల తరబడి డిఫెన్స్ కోచ్ మీద పళ్లు నూరారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. గురి మాత్రం కాస్త తప్పింది

2010 నవంబర్ 6, శనివారం. అమెరికాలోని యాన్ ఆర్బర్ పట్టణం. లక్ష మందికి పైగా పట్టే స్టేడియంలో మిషిగన్ యూనివర్సిటీ జట్టు ఇలినాయ్ యూనివర్సిటీని 67-65 తేడాతో ఓడించింది. ఇది బాస్కెట్‌బాల్ స్కోరు కాదు, ఫుట్‌బాల్ స్కోరే. నిర్ణీత సమయానికి 45-45తో సమంగా నిలిస్తే మూడు ఓవర్‌టైమ్‌లు ఆడించాల్సి వచ్చింది. రెండు జట్లూ సభ్యులుగా ఉన్న బిగ్ టెన్ లీగ్ చరిత్రలో ఒకే మ్యాచ్‌లో అన్ని పాయింట్లు అంతకు ముందెన్నడూ రాలేదు. ఇలాంటి మ్యాచ్ గెలిస్తే అభిమాని ఎగిరి గంతేయాలి. మిషిగన్ అభిమానులు మాత్రం గెలిచిన సంతోషంతోనే తల పట్టుకున్నారు. సొంత మైదానంలో 65 పాయింట్లు సమర్పించుకున్న జట్టును చూసి గర్వపడాలో సిగ్గుపడాలో వాళ్లకు తెలియలేదు.

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే ఆట గుర్తుకొస్తుంది. అమెరికన్ల ఫుట్‌బాల్ వేరు. బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు తీసుకుపోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ఎదుటి జట్టు పని వాళ్లను ఆపడం. ఒకే జట్టులో దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు. వాళ్ల గురువులూ వేరు. మన కబడ్డీలో రైడర్లకు ఒక కోచ్‌ను, పట్టేవాళ్లకు మరో కోచ్‌ను పెట్టినట్లన్న మాట. అడ్డుకునేవాళ్ల గురువును డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరిని పట్టాలి అన్నది నేర్పేది, మ్యాచ్ రోజున ఎత్తులు వేసేది ఆయనే. జట్టు గెలిస్తే ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు. ఓడితే మాత్రం లక్ష మంది నోళ్లలో నానుతుంది.

ఆ బాధ క్రికెట్ అభిమానులకు చెప్పనక్కర్లేదు. 2006 మార్చి 12న జొహానెస్‌బర్గ్ వన్డేలో ఆస్ట్రేలియా 434 పరుగులు చేసి కూడా ఓడింది. దక్షిణాఫ్రికా 438 కొట్టేసింది. బ్యాట్స్‌మెన్ కట్టిన మేడను బౌలర్లు కూల్చేస్తే కలిగే కడుపుమంట ఎక్కడైనా ఒకటే. మిషిగన్ అభిమానులు ఆ మంటను ఒక్క రోజు కాదు, వారం వారం భరించారు.

పైగా అది డిఫెన్స్‌కు పేరుపడ్డ యూనివర్సిటీ. 1997లో జాతీయ టైటిల్‌ను పంచుకున్నప్పుడు జట్టుకు వెన్నెముక డిఫెన్సే. ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన చార్లెస్ వుడ్‌సన్ ప్రధానంగా డిఫెన్స్ ఆటగాడు. అలాంటివాడికి ఆ ట్రోఫీ దక్కడం అదే మొదటిసారి. యాన్ ఆర్బర్‌లో చదువుకున్నవాళ్లకు ఆ శనివారాలు జీవితాంతం గుర్తుంటాయి. ఎమ్మెస్ కోసం వెళ్లిన తెలుగు కుర్రాళ్లు కూడా మొదటి ఏడాది నియమాలు అర్థం కాక బిక్కమొహం వేసి, రెండో ఏడాదికల్లా పసుపు, నీలం చొక్కాలు తొడుక్కుని అరవడం అక్కడ మామూలే.

2008లో రిచ్ రోడ్రిగెజ్ హెడ్ కోచ్‌గా వచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో మెరుపు దాడులతో పేరు తెచ్చుకున్నవాడు. తొలి ఏడాది మిషిగన్ మూడు మ్యాచ్‌లు గెలిచి తొమ్మిది ఓడింది. 33 ఏళ్లుగా వరుసగా బౌల్ మ్యాచ్‌లు ఆడుతున్న ఆనవాయితీకి తెరపడింది. డిఫెన్స్ కోచ్ స్కాట్ షేఫర్ ఒక్క సీజన్‌తోనే వెళ్లిపోయాడు. 2009లో గ్రెగ్ రాబిన్సన్ వచ్చాడు. ఆ ఏడాది 5-7.

2010లో దాడి కుదుటపడింది. డెనార్డ్ రాబిన్సన్ అనే కుర్రాడు ఒకే సీజన్‌లో 2,500 గజాలకు పైగా బంతి విసిరి, 1,500 గజాలకు పైగా పరుగెత్తాడు. దేశంలో అంతకు ముందు ఏ క్వార్టర్‌బ్యాక్‌కూ సాధ్యం కాని ఫీటు అది. వాళ్లిద్దరూ చుట్టాలు కారు, ఇంటిపేరు మాత్రం ఒకటే. ఒక రాబిన్సన్ సంపాదిస్తుంటే మరో రాబిన్సన్ తగలేస్తున్నాడన్నది అభిమాని ఫిర్యాదు.

లెక్కలూ అదే చెప్పాయి. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన పెన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ మాట్ మెగ్లాయిన్ మొదటిసారి మ్యాచ్ ఆరంభం నుంచి ఆడింది మిషిగన్ మీదే. ఆ రోజు పెన్ స్టేట్ 41 పాయింట్లు కొట్టింది. విస్కాన్సిన్ 357 గజాలు పరుగెత్తి 48 పాయింట్లు చేసింది. 2011 జనవరి 1న గేటర్ బౌల్‌లో మిసిసిపి స్టేట్ 52-14తో చిత్తు చేసింది. సీజన్ మొత్తం మీద మ్యాచ్‌కు సగటున 35 పాయింట్లు! నాలుగు రోజులు తిరిగేసరికి రోడ్రిగెజ్‌కు ఉద్వాసన పలికారు.

అభిమాని కోపం కుర్రాళ్ల మీద కాదు. వాళ్లకు పద్దెనిమిది, ఇరవై ఏళ్లు. అప్పట్లో స్కాలర్‌షిప్ తప్ప పైసా ముట్టేది కాదు. పేరు, బొమ్మ వాడుకుని సంపాదించుకునే వీలు 2021లో గానీ రాలేదు. వాళ్లను తిట్టడానికి ఎవరికైనా మనసొప్పదు. కోచ్ సంగతి వేరు. మంచి జీతం తీసుకుని నేర్పించేవాడు. చేతులు చుట్టి పట్టుకోవాల్సిన కుర్రాడు భుజంతో గుద్ది కింద పడుతుంటే, నిలబడాల్సిన సందు వదిలేసి మరో సందులోకి ఉరుకుతుంటే, అడగాల్సింది నేర్పినవాడినే కదా.

అయితే ఆ నేర్పినవాడు అసమర్థుడా? రాబిన్సన్ వరుసగా రెండు సూపర్ బౌల్స్ గెలిచిన డెన్వర్ బ్రాంకోస్‌కు డిఫెన్స్ కోచ్‌గా పనిచేసినవాడు. 2004 సీజన్‌లో టెక్సస్ యూనివర్సిటీ డిఫెన్స్‌ను నడిపించినవాళ్లలో ఒకడు. సిరాక్యూస్‌లో హెడ్ కోచ్‌గా 10 గెలిచి 37 ఓడిన మాట నిజమే, కానీ అది వేరే ఉద్యోగం. మిషిగన్‌లో చిక్కు మరోచోట ఉంది. రోడ్రిగెజ్‌కు ముందు వరుసలో ముగ్గురు, వాళ్ల వెనక ముగ్గురు, చివర అయిదుగురు నిలబడే 3-3-5 పద్ధతి మీద మోజు. వెస్ట్ వర్జీనియాలో ఆ పద్ధతి నడిపిన జెఫ్ క్యాస్టీల్ ఆయనతో పాటు రాలేదు. ఆ పద్ధతిలో పండినవాడు దొరకనప్పుడు పద్ధతినైనా వదులుకోవాలి. రోడ్రిగెజ్ మనిషిని మార్చి పద్ధతిని ఉంచుకున్నాడు. ముందు వరుసలో నలుగురిని పెట్టి ఆడించడం అలవాటైన రాబిన్సన్ చేత 2010లో 3-3-5 చెప్పించారు. లెక్కల మాస్టారును పిలిచి సంస్కృతం చెప్పమన్నట్లుంది ఆ ఏర్పాటు. దానికి తోడు డిఫెన్స్ వెనక వరుసలో అనుభవజ్ఞుడైన ట్రాయ్ ఊల్‌ఫోక్ సీజన్ మొదలవకముందే చీలమండ గాయంతో దూరమయ్యాడు. అతని చోట్లో పసివాళ్లు దిగారు.

తర్వాత జరిగింది ఏ ప్రయోగశాలలోనూ కుదరని పరీక్ష. 2011లో కొత్త హెడ్ కోచ్ బ్రేడీ హోక్ బాల్టిమోర్ రేవెన్స్ నుంచి గ్రెగ్ మాటిసన్‌ను తెచ్చుకున్నాడు. 1990లలో ఇదే మిషిగన్‌లో డిఫెన్స్ నడిపిన పెద్దాయన. ముందు వరుసలో నలుగురితో తనకు తెలిసిన ఆటే నేర్పాడు. కుర్రాళ్లు చాలావరకు పాతవాళ్లే. మ్యాచ్‌కు 35 పాయింట్లు ఇచ్చినవాళ్లు 17.4కు దిగారు. జట్టు 11 గెలిచి రెండే ఓడింది. 2003 తర్వాత మొదటిసారి ఒహాయో స్టేట్‌ను ఓడించింది. షుగర్ బౌల్ కూడా గెలిచింది.

అదంతా మాటిసన్ మాయ అనడం అతిశయోక్తే. కుర్రాళ్లకు ఒక ఏడాది వయసు పెరిగింది. ఊల్‌ఫోక్ తిరిగొచ్చాడు. జారిన బంతులు ఆ ఏడాది మిషిగన్ చేతుల్లోనే ఎక్కువ పడ్డాయి. ఇవన్నీ తీసేసినా, ఇచ్చే పాయింట్లు ఒక్క ఏడాదిలో సగానికి పడిపోవడానికి చదువు మారడం కాక మరో కారణం వెతకడం కష్టం. నేర్పడంలోనే లోపముందన్న అభిమాని మాట అక్షరాలా నిజమైంది. కాకపోతే వేలు చూపాల్సింది ఒక మెట్టు పైకి. పంతులు తప్పు చెప్పాడు సరే, ఆ పాఠం ఆయన చేత చెప్పించిందెవరు?

దీనికి మరో ఉదాహరణ ఉంది. 2013 సెప్టెంబర్ 7న టెక్సస్ మీద బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఏకంగా 550 గజాలు పరుగెత్తింది. మర్నాడే డిఫెన్స్ కోచ్ మానీ డియాజ్‌ను సాగనంపారు. ఆయన చోట్లో ఎవరిని కూర్చోబెట్టారో తెలిసి మిషిగన్ అభిమానులు ముక్కున వేలేసుకున్నారు. ఆ వచ్చింది గ్రెగ్ రాబిన్సనే! మరో వారానికే ఇంకో ఓటమి ఎదురైనా, తర్వాత టెక్సస్ వరుసగా ఆరు మ్యాచ్‌లు నెగ్గింది. ఓక్లహోమాను 36-20తో ఓడించింది. ఇక ‘పనికిరాని’ డియాజ్ పదేళ్ల తర్వాత, 2023లో, పెన్ స్టేట్‌లో దేశంలోని మేటి డిఫెన్స్‌లలో ఒకదాన్ని తయారు చేశాడు. మనిషి మంచీ చెడూ సగం ఆయన చేతిలో ఉంటుంది. మిగతా సగం ఆయన్ను ఎక్కడ కూర్చోబెట్టారన్న దాంట్లో ఉంటుంది.

2022లో రాబిన్సన్ కన్నుమూశాడు. మిషిగన్ 2023 సీజన్‌లో జాతీయ టైటిల్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ వాళ్లదే. పాత కోపాలు చల్లారాయి. 67-65 స్కోరు ఇప్పుడు నవ్వుతూ చెప్పుకునే కథ.

ఆ కథ చెప్పేవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. మూడో ఓవర్‌టైమ్ చివర్లో స్కోరు సమం చేయడానికి ఇలినాయ్‌కి రెండు పాయింట్లు కావాలి, ఒక్కటే ప్రయత్నం మిగిలింది. మిషిగన్ డిఫెన్స్ కుర్రాళ్లు ఒక్కసారిగా మీదికి ఉరికి క్వార్టర్‌బ్యాక్‌ను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆ రెండు పాయింట్లు రాలేదు, మ్యాచ్ అయిపోయింది. చేతకానివాళ్లని పేరుపడ్డ ఆ కుర్రాళ్లే మ్యాచ్ గెలిపించారు. వాళ్లలో సరుకుందని ఆ రోజే తేలింది. దాన్ని బయటికి తీసే పంతులు రావడానికి మాత్రం మరో ఏడాది పట్టింది.