ముప్ఫై అయిదు దాటిన తొలి పుస్తకం

కేంద్ర సాహిత్య అకాడెమీ 2011లో యువ పురస్కారం మొదలుపెట్టింది. 35 ఏళ్లు మించని రచయితలకు ఇస్తారు. మంచి పనే, తెలుగులో కొత్తవాళ్లకు దానివల్ల ఎంతో ఊతం దొరికింది. అయితే ఆ వయసు హద్దును ఒక తల్లి పక్కన నిలబడి చూడాలి. చదువు ముగిసి, ఉద్యోగం కుదిరి, పెళ్లయి, ఒకరిద్దరు పిల్లలు పుట్టేది చాలామందికి పాతికకూ ముప్ఫై అయిదుకూ మధ్యనే. రాయాల్సిన చెయ్యే బిడ్డనెత్తుకోవాల్సిన ఏళ్లవి. పిల్లలు బడికి వెళ్లేదాకా ఆగి ఆమె తొలి పుస్తకం తెచ్చేసరికి, యువ రచయితల జాబితాలో ఆమెకు చోటుండదు.

కెనడా కథకురాలు ఆలిస్ మన్రో తొలి సంపుటి 1968లో వచ్చింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు, ముగ్గురు కూతుళ్లు. పిల్లలు నిద్రపోయే వేళల్లో రాసుకునేదాన్నని, నవలకు కావలసినంత తీరిక దొరక్కే కథల వైపు వచ్చానని ఆమె చెప్పారు. అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్ విడాకుల తర్వాత ఇద్దరు కొడుకులను పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, తెల్లవారక ముందే లేచి రాసేవారు. మొదటి నవల 'ద బ్లూయెస్ట్ ఐ' 1970లో అచ్చయింది, 39వ ఏట. తర్వాత ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన యువ పురస్కారపు లెక్కన ఇద్దరి తొలి పుస్తకాలూ పరిశీలనకు రావు.

నాన్నల మాటా చెప్పుకోవాలి. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ 'ఫైర్స్' అనే వ్యాసంలో, తన రచన మీద అన్నిటికంటే పెద్ద ప్రభావం ఏ రచయితదీ కాదని, తన ఇద్దరు పిల్లలదేనని రాశారు. లాండ్రీలో బట్టలారే మెషిన్ ఖాళీ అయ్యేదాకా కాచుకుని నిలబడ్డ ఒక మధ్యాహ్నం ఆ సంగతి ఆయనకు బోధపడింది. ఒక్కసారి కూర్చుంటే పూర్తయ్యే కథలూ కవితలే తనకు వీలయ్యాయన్నారు. ఆ ఇల్లు నడవడానికి ఆయన భార్య మేరియాన్ హోటల్లో వడ్డన పని చేస్తూ తన చదువు వాయిదా వేసుకుంటూ వచ్చారన్నది కూడా ఆ కథల చరిత్రలో భాగమే.

ఏ లాప్‌టాప్ కొనాలి, ఏ యాప్ పెట్టుకోవాలి అని కొత్తగా తల్లిదండ్రులైన రచయితలు అడుగుతుంటారు. ఒంటిచేత్తో వాడగలిగినదే ఈ వయసులో పనికొచ్చే పనిముట్టు అని మా అభిప్రాయం. బిడ్డకు పాలు పడుతున్నప్పుడు రెండో చెయ్యి ఖాళీ ఉండదు. ఫోనులో తెలుగు కీబోర్డు, మాట్లాడితే టైపయ్యే సదుపాయం, వాట్సాప్‌లో తనకు తానే పంపుకునే రెండు వాక్యాలు, పోపులడబ్బా పక్కన ఒక చవక నోటుపుస్తకం చాలు. వారానికోసారి కూర్చుని ఆ ముక్కలన్నీ ఒక్కచోట చేర్చుకునే గంట మాత్రం కావాలి. లేకపోతే అవి ఫోనులోనే ఉండిపోతాయి. ఆ గంట ఏ దుకాణంలోనూ దొరకదు, ఇంట్లో ఇంకొకరు ఇవ్వాలి.

అసలు చిక్కంతా అక్కడుంది. పురుడు పోయడానికి అమ్మ ఉంటుంది. కూతురు ఉద్యోగంలో చేరాలంటే అమ్మో అత్తగారో వచ్చి నెలలకొద్దీ ఉంటారు. అమెరికాలో కూతురి పురుటికి ఆరు నెలలుండి వచ్చే అమ్మానాన్నలు మన ఊళ్లలో ఎందరో. 2017 సవరణతో ప్రసూతి సెలవుల చట్టం కూడా మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవిచ్చింది, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలంది. ఇదంతా జీతం వచ్చే పనికే. "కథ పూర్తి చేసుకోవాలమ్మా, రెండు గంటలు బాబుని చూస్తావా" అని అడగడానికి మాత్రం నోరు రాదు. రచయిత గది తలుపు వేసుకుంటే ఇంట్లో అందరూ గొంతు తగ్గిస్తారు. రచయిత్రి తలుపు వేసుకుంటే పాప వచ్చి తలుపు బాదుతుంది, ఎవరూ ఆపరు. భర్తలు చెయ్యాల్సిన పని మరేం లేదు, ఆ పాపను ఎత్తుకుని బయటికి తీసుకెళ్లడమే.

సాహిత్య సభలు జరిపేవాళ్లు కూడా ఆలోచించాలి. ఆరింటికని కార్డులో వేసి ఏడున్నరకు మొదలుపెట్టే సభకు ఏ పసిబిడ్డ తల్లి రాగలదు? ఉదయం పెట్టండి, చెప్పిన వేళకు మొదలెట్టండి. పక్క గదిలో ఒక చాప, నాలుగు బొమ్మలు, చూసుకునే మనిషి ఉంటే చాలు. శాలువాల ఖర్చులో ఇది ఎంత?

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు శుభ్రం చేసీ చేసీ తన పేరే మర్చిపోతుంది. పాత స్నేహితురాలు పిలిస్తేగాని అది గుర్తు రాదు. అలా పేరుపెట్టి పిలవడం పత్రికల బాధ్యత అని మేం నమ్ముతున్నాం. వచ్చే సంచిక నుంచి చేతిరాత ప్రతిని ఫోనులో ఫొటో తీసి పంపినా తీసుకుంటాం. చుక్కలూ కామాలూ లేని వాయిస్ టైపింగ్ ప్రతులను మేమే దిద్దుకుంటాం. గడువు దాటిందని పసిపిల్లల తల్లిదండ్రుల రచనను తిప్పి పంపం. అకాడెమీకీ, పురస్కారాలిచ్చే సంస్థలకూ మా విన్నపం ఒక్కటే: వయసు హద్దు తీసేసి, తొలి పుస్తకమా కాదా అన్నదే చూడండి.

పిల్లలు పుట్టాక రాయడం ఆపేసిన స్నేహితురాలు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఈ నెల ఆమెకు ఒక ఫోను చేసి, ఏం రాస్తున్నావని అడగండి.