మట్టిబండీ, బంగారుబండీ, పెరటి రైలూ

అరవై దాటినవాడు పెరట్లో చిన్న రైలుకు పట్టాలు పరుస్తున్నాడని తెలిస్తే మన సమాజం మూడు మాటలంటుంది. మొదటిది “చిన్నపిల్లల చేష్ట”. రెండవది “డబ్బు దండగ”. మూడవది “అది దొరల వేడుక, మనకెందుకు?” ఈ మూడు మాటలనూ రెండేళ్లుగా వింటున్నాను. బంధువులన్నారు, ఇరుగుపొరుగువారన్నారు, ఒకప్పుడు నాతోపాటు బడిలో పాఠాలు చెప్పిన మిత్రులు సైతం అన్నారు. మౌనం అర్ధాంగీకారమంటారు గనుక ఇక మౌనం చాలించి, మూడింటికీ వరుసగా సమాధానం వ్రాస్తున్నాను. చదువరులు ఓపిక పట్టగలరు.

ముందుగా వస్తువేమిటో చెప్పాలి. గదిలో బల్లమీద గుండ్రంగా తిరిగే బొమ్మరైలు వేరు, పెరటి రైలు వేరు. ఇది ఆరుబయట, మట్టిమీద, ఎండకూ వానకూ ఓర్చి నడవవలసిన రైలు. పట్టాల నడిమి ఎడం సాధారణంగా 45 మిల్లీమీటర్లు. జర్మనీ దేశంలో న్యూరెంబర్గు నగరపు లేమన్ సంస్థ 1968లో ఎల్‌జీబీ అన్న పేరుతో ఈ కొలత రైళ్లను అంగళ్లకు తెచ్చిన తరువాత, ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎందరో గృహస్థుల పెరళ్లలో ఇవి నడిచాయి.

ఇక మొదటి మాట, చిన్నపిల్లల చేష్ట. అలా అనేవారు చరిత్రను కాస్త తిరగవేయుదురుగాక. ఇంగ్లండులో సర్ ఆర్థర్ హేవుడ్ అనే ఆసామి 1874లో డఫీల్డులోని తన ఇంటి ఆవరణలోనే 15 అంగుళాల ఎడంతో రైలుమార్గం వేసుకున్నాడు. అతని ఉద్దేశం ఆడుకోవడం కాదు. పెద్ద ఎస్టేట్లలో సరుకు మోయడానికి రైలు ఎంత చిన్నదైతే పని జరుగుతుందో తేల్చుకోవడం. బీకన్స్‌ఫీల్డులో రోలండ్ కాలింగ్‌హామ్ అనే గణకుడు తన తోటలో కట్టించిన బెకన్‌స్కాట్ చిన్నిగ్రామాన్ని 1929లో జనానికి చూపించాడు. దాని నడుమ రైలు ఊరినుంచి ఊరికి తిరుగుతుంది. వాల్ట్ డిస్నీ 1950లో లాస్ ఏంజెలిస్‌లోని తన పెరట్లో ఏడుంబాతిక అంగుళాల ఎడంతో పట్టాలు వేసి, మనిషి ఎక్కి తిరిగే రైలు నడిపాడు. అయిదేళ్లకు, 1955లో, తెరచిన డిస్నీలాండు చుట్టూ రైలు తిరగడం వెనుక ఆ పెరటి రైలున్నది. వీరిని పిల్లచేష్టలవారనగలమా?

అంత దూరం పోనక్కరలేదు. సంక్రాంతికి మన ఇండ్లలో బొమ్మలకొలువు తీర్చేది ఎవరు? అమ్మలూ, అమ్మమ్మలూ కారా? మెట్లు కట్టి, ఆవాలు చల్లి పొలం మొలిపించి, పళ్లెంలో నీళ్లు పోసి చెరువు చేసి, ఒక చిన్న లోకాన్ని నిలబెడతారు. దానిని చూచి ఎవరైనా “ఈ వయసులో బొమ్మలేమిటమ్మా?” అన్నారా? పేరంటానికి పిలిస్తే వచ్చి కూర్చుని శనగలు తీసుకుని వెళ్లారు గాని! ఆ కొలువు మెట్టుమీదినుంచి దిగి పెరట్లోకి వస్తే మాత్రం అది పిచ్చి అవుతుందా?

మరొక సంగతి. ఈ ఆటను వాన పరీక్షిస్తుంది. మాది నల్లరేగడి సీమ. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానిమీద నేరుగా పట్టా పరిస్తే మొదటి తొలకరికే పాములా మెలికలు తిరుగుతుంది. కనుక జానెడు లోతు తవ్వాలి, ఇసుక పోయాలి, పైన కంకర పోయాలి. ఆ కంకర గులకరాయి కాకూడదు. గులకరాయి చూడముచ్చటగా ఉంటుంది గాని దొర్లిపోతుంది. పగలగొట్టిన రాయి అయితే దాని కోణాలు ఒకదానినొకటి పట్టుకుంటాయి, సందుల్లోంచి నీరు దిగిపోతుంది. పెద్ద రైలుదారిలో పగలగొట్టిన కంకరే ఎందుకు పోస్తారో అప్పుడు అర్థమవుతుంది.

ఎండ సంగతి చూడండి. పది మీటర్ల ఇత్తడి పట్టా, తెల్లవారుజామునకూ నడిమధ్యాహ్నానికీ నలభై డిగ్రీలు వేడెక్కితే, ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే పట్టా విల్లులా వంగి లేస్తుంది. మా వీధి పిల్లలు ఈ దైర్ఘ్య వ్యాకోచాన్ని పుస్తకంలో బట్టీ పట్టారు, సూత్రం వ్రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. పట్టా అతుకు దగ్గర ఉదయం వేలిగోరు పట్టిన సందు మధ్యాహ్నానికి మూసుకొనిపోవడం చూచినప్పుడు గాని వారికి ఆ సూత్రం తమదనిపించలేదు. వాలు అంటే నూటికి రెండు, అనగా మీటరు దూరానికి రెండు సెంటీమీటర్ల ఎత్తు. అంతకు మించితే ఇంజను ఆయాసపడుతుంది. తాపీమేస్త్రి చేతి రసమట్టాన్ని మొదటిసారి పట్టుకొన్న పిల్లవాని కళ్లలో వెలుగును నేను ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో తరగతిగదిలో అరుదుగా చూచాను. చేతికి మట్టి అంటని చదువునే చదువనుకొనే మనం, పెరట్లో పట్టా సరిచేసేవానిని పిల్లవాడని నవ్వుతున్నాము! తెరమీద మీట నొక్కి రైలు నడిపే ఆటలు లేవా అంటారు కొందరు. ఉన్నవి. ఆ తెరలో వాన పడితే పట్టా కదలదు, చీమలు పుట్ట పెట్టవు, చెదలు స్లీపరును తినవు. అందుచేతనే అక్కడ నేర్చుకొనేది తక్కువ.

రెండవ మాట, డబ్బు దండగ. ఇందులో సగం నిజమున్నది. అంగట్లో కొనే జర్మను ఇంజను ధర వింటే నా వంటి పింఛనుదారునకు గుండె ఆగుతుంది. అయితే ఆ తప్పు ఆటది కాదు, కొనుగోలుది. శూద్రకుని మృచ్ఛకటికం గుర్తు చేసుకోండి. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడి, తనకు దాసి చేసి ఇచ్చిన మట్టిబండి వద్దని ఏడ్చాడు. వసంతసేన జాలిపడి, బంగారుబండి చేయించుకొమ్మని తన నగలు ఆ మట్టిబండిలో పోసింది. తరువాత ఆ నగలే చారుదత్తుని మెడకు చుట్టుకొన్నవి. ఇంత కథ నడిపిన నాటకానికి కవి పెట్టిన పేరు మాత్రం బంగారుబండిది కాదు, మట్టిబండిది!

పెరటి రైలుకూ మట్టిబండి దారి ఉన్నది. ఇంజనులోనే బ్యాటరీ పెట్టుకొంటే పట్టాలకు కరెంటు పారించే పని లేదు. ఇత్తడి మాని చవకైన అల్యూమినియం పట్టాలు వాడవచ్చు. పెట్టెలు రేకుతోనూ చెక్కతోనూ చేసుకోవచ్చు. మన ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెన పట్టి లక్కరంగు పూసే పనివారున్నారు. గుండ్రని బాయిలరు తీయడం వారికొక లెక్కా? కొండపల్లిలో పొణికికర్రతో మనుషులను చెక్కేవారున్నారు. అయిదున్నర అడుగుల స్టేషనుమాస్టరు ఈ కొలతలో మూడంగుళాలకు కాస్త తక్కువ ఉంటాడు. ఆ డబ్బు పరాయి అంగడికి పోక మన పనివాని చేతికి పోతే అది దండగ ఎలా అవుతుంది? పోతే, పెరడు పాడవుతుందనేవారు కలుపు బాధ పడలేక తమ పెరడంతా సిమెంటు పరిచినవారే కావడం విశేషం. నా పట్టాల నడుమ మరువం ఉన్నది, దవనం ఉన్నది. రైలుకు అదే అడవి.

మూడవ మాట, దొరల వేడుక. దీనికి సమాధానం లెక్కలో ఉన్నది. ఎల్‌జీబీ వారి కొలత ఒకటికి ఇరవై రెండున్నర. వేయి మిల్లీమీటర్లను ఇరవై రెండున్నరతో భాగిస్తే నలభై నాలుగున్నర దాకా వస్తుంది. అంటే 45 మిల్లీమీటర్ల పట్టా మీద నడిచేది మీటర్‌గేజి రైలు. వారు దానిమీద స్విట్జర్లండు కొండరైళ్లను నడుపుకొంటారు. అవి వారి మీటర్‌గేజి రైళ్లు. మన మీటర్‌గేజి ఏది?

గుంటూరు నుంచి నల్లమల దాటి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయేది. సికింద్రాబాదు నుంచి ద్రోణాచలం పోయేది. కాచిగూడ నుంచి మన్మాడు పోయేది. 1992లో మొదలైన యూనిగేజి పథకంతో ఒకటొకటిగా ఇవన్నీ బ్రాడ్‌గేజి అయినవి. అది మంచిదే; ప్రయాణం వేగమయింది, దారిలో రైలు మారే బాధ తప్పింది. దానిని నేను తప్పుపట్టను. అయితే ఆ రైలెక్కి పెండ్లికి పోయినవారు, పురిటికి పోయినవారు, ఉద్యోగానికి పోయినవారు ఇంకా మన నడుమ ఉన్నారు. వారి తరువాత ఆ చిన్న పెట్టె కిటికీ ఎంత ఎత్తున ఉండేదో, సిగ్నలు చెయ్యి ఎలా వాలేదో, పసుపుపచ్చ బోర్డుమీద ఊరిపేరు తెలుగులో ఏ తీరున వ్రాసేవారో చెప్పేదెవరు? పెద్ద ఇంజన్లను ప్రభుత్వం మ్యూజియంలో నిలబెట్టవచ్చు. ఊరి స్టేషనును, దాని వేపచెట్టును, కుండలోని చల్లనీళ్లను ఏ మ్యూజియమూ నిలబెట్టదు. ఆ పని పెరటివాడు చేయాలి.

కాబట్టి నా తగాదా రెండు పక్షాలతోను. ఆడేవానిని చూచి నవ్వేవారితో ఒకటి. ఆల్ప్సు పర్వతాలను పెట్టెలో కొని తెచ్చి తెలుగు పెరట్లో దించి, అదే ఘనతనుకొనేవారితో రెండవది. మొదటివారు చేతిపనిని చులకన చేస్తున్నారు, రెండవవారు జ్ఞాపకాన్ని.

ఏకీభవించనివారు నిస్సంకోచంగా ఖండించవచ్చు, వాదానికి నేను సిద్ధం. ఏకీభవించేవారికి మాత్రం ఒక మనవి. మీ ఇంట్లో మీటర్‌గేజి దారిలో గార్డుగానో, గ్యాంగుమన్‌గానో, స్టేషనుమాస్టరుగానో పనిచేసిన పెద్దలుంటే, కాగితం పెన్సిలు తీసుకొని ఈ ఆదివారమే వారి దగ్గర కూర్చోండి. ప్లాట్‌ఫారం ఎంత పొడవు, తలుపులకు ఏ రంగు, గంట ఎక్కడ వ్రేలాడేది, అన్నీ అడిగి వ్రాసి పంపండి. పట్టాలు నేను పరుస్తాను.