రైలా? రాత్రి ఓడా?

రాజోలు నుంచి ఒక సోదరి అడిగారు: "లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాం. అక్కడినుంచి ఆమ్‌స్టర్‌డామ్ చూపిస్తారట. అల్లుడుగారు రాత్రి ఓడలో వెళ్దామంటారు, అమ్మాయి రైలంటుంది. మావారికి 68 ఏళ్లు. షుగరుంది, ప్రోస్టేటు గ్రంథి పెరిగిందన్నారు. సఖినేటిపల్లి పంటు మీద ఎన్నిసార్లు నరసాపురం దాటినా ఆయనకు తల తిరగలేదు. ఓడ ఫరవాలేదా?"

అమ్మా, పంటును లెక్కలోకి తీసుకోకండి. వశిష్ఠ దాటడం కొద్ది నిమిషాల పని. హార్విచ్ నుంచి హుక్ ఆఫ్ హాలండ్ రేవుకు వెళ్లే ఓడ రాత్రంతా ఉత్తర సముద్రం మీద పోతుంది. గాలి లేస్తే ఊగుతుంది. రాజమండ్రి బస్సులో ఆయనకు వికారం పెడుతుందా? అది చూసుకోవాలి. ఒళ్లు ఊగుతోందని లోచెవి చెబుతుంటే, గది గోడలు కదలడంలేదని కళ్లు చెబుతాయి. వాంతి ఈ తగవులోంచే పుడుతుంది.

ఉత్త వాంతే అయితే ఇంత చెప్పను. గ్లిమిపిరైడ్ వంటి మాత్రగానీ ఇన్సులిన్‌గానీ తీసుకుని తిన్న అన్నం వాంతిలో పోతే, మందు పని మాత్రం ఆగదు. అర్ధరాత్రి రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు. పక్కవారు ఓడ కుదుపు వల్లననుకుంటారు! వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఓడ సిబ్బందిని పిలవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ.

వాంతుల మాత్ర ముందే వేస్తే సరిపోదా అంటారేమో. ప్రొమెథజిన్ వంటివి ప్రోస్టేటు పెరిగినవారికి మూత్రాన్ని బంధించవచ్చు. గ్లాకోమా ఉన్నవారికీ డాక్టరునడగకుండా ఇవ్వతగదు.

అందుచేత అమ్మాయి మాటే నా మాట. రైల్లో సుమారు నాలుగు గంటల ప్రయాణం. 1994లో ప్రారంభమైన సొరంగంలో సముద్రం కింద గడిపేది ఇరవై నిమిషాలే. మరుగుదొడ్డి పెట్టెలోనే ఉంటుంది కనుక, దారిలో ఇబ్బందని నీళ్లు మానేసే మన అలవాటు అక్కడ వద్దు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి.

అల్లుడుగారు నొచ్చుకోనక్కరలేదు. ఆరోగ్యవంతులకు ఓడ హాయే. గదిలో కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడిగితే ఊపు తక్కువ. కారుతో ఎక్కేవారు మందుల సంచి కారులో వదలకండి. ఓడ కదిలాక ఆ అంతస్తుకు తాళం వేసేస్తారు, తెల్లవారి రేవు చేరేదాకా తీయరు.