కిరీటం తలలో భాగం కాదు

కబ్బాలా ప్రస్తావన వచ్చిన ప్రతి తెలుగు సాహిత్య గోష్ఠిలోనూ ఎవరో ఒకరు "ఇదంతా మన వేదాంతమే కదండీ" అంటారు. ఆ మాటలో ఆత్మీయత ఉంది. తొందర కూడా ఉంది. పరాయి గ్రంథాన్ని మన గ్రంథానికి నకలుగా చదివితే పుటలు తిరుగుతాయి గాని కొత్తగా తెలిసేదేమీ ఉండదు. యూదు మార్మికుల పది సెఫిరోత్‌లో శిఖరస్థానంలో ఉన్న 'కేతెర్' ఈ తొందరకు తరచు బలవుతూ ఉంటుంది. అది నిర్గుణబ్రహ్మమన్నవారున్నారు, శూన్యమన్నవారున్నారు, సహస్రారమన్నవారున్నారు. ఈ మూడూ కాదనీ, కాకపోవడం వల్లనే అది మనకు పనికివస్తుందనీ నా అభిప్రాయం.

ముందుగా స్థూలచిత్రం. కబ్బాలాలో పరతత్త్వానికి 'ఐన్ సోఫ్' అని పేరు. 'అంతులేనిది' అన్న మన మాట దానికి అక్షరాలా సరిపోతుంది. దాని గురించి చెప్పగలిగింది ఏమీ లేదు. అందులోనుంచి పది ఆవిర్భావాలు ఒకదాని వెంట ఒకటి వెలువడతాయి, అవే సెఫిరోత్. మొదటిది కేతెర్, అంటే కిరీటం. రెండవది హోఖ్మా, జ్ఞానం. మూడవది బీనా, అవగాహన. ఆ తరువాతివి బాహువులుగా, వక్షంగా, పాదాలుగా ఒక దివ్యదేహంలో అమరి, చివరిదైన మల్ఖూత్, అంటే రాజ్యం, మన లోకాన్ని తాకుతుంది. 13వ శతాబ్దపు స్పెయిన్‌లో వెలువడిన 'జోహార్' ఈ దర్శనానికి మహాగ్రంథం. అది ప్రధానంగా మోసెస్ డి లియోన్ రచన అని గెర్షోమ్ షోలెమ్ భాషాపరమైన ఆధారాలతో వాదించారు. ఆయన 1938లో న్యూయార్క్‌లో చేసిన ఉపన్యాసాలే 1941లో 'మేజర్ ట్రెండ్స్ ఇన్ జ్యూయిష్ మిస్టిసిజం' అన్న పుస్తకమయ్యాయి. అంతకుముందు శతాబ్దపు యూదు చరిత్రకారులు అనేకులు, ముఖ్యంగా హైన్రిఖ్ గ్రెట్స్, కబ్బాలాను మూఢత్వమని తోసిపుచ్చారు. దానికి పండితలోకంలో గౌరవస్థానం కల్పించింది షోలెమే.

ఇప్పుడు పోలికల సంగతి. సహస్రార వాదం తేలికగా వీగిపోతుంది. సహస్రారం ఎంత సూక్ష్మమైనా శిరస్సుకు చెందినది. కిరీటం శిరస్సు మీద పెట్టేది. దేహంలో అది అవయవం కాదు. కేతెర్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. అది పది సెఫిరోత్‌లో ఒకటి, అయినా మిగిలిన తొమ్మిదింటికీ వెలుపలిది. ఈ రెండింటి మధ్య ఒరిపిడి కబ్బాలా చరిత్ర అంతటా కనిపిస్తుంది. తొలినాటి కబ్బాలీయుల్లో కొందరు కేతెర్‌నూ ఐన్ సోఫ్‌నూ ఒకటిగానే భావించారు. 16వ శతాబ్దంలో సఫెద్ పట్టణంలో జీవించిన మోషే కొర్దొవేరో, 1548లో ముగించిన 'పర్దేస్ రిమ్మోనీం'లో, కేతెర్ కూడా వెలువడినదేననీ దానికీ మూలం వేరే ఉందనీ స్థాపించాడు. కేతెర్‌ను లెక్కలోకి తీసుకోని పట్టికల్లో 'దాత్' అన్న మరో మెట్టును చేర్చి పది పూర్తిచేస్తారు. లెక్కకు అందీ అందకుండా ఉండటం దాని స్వభావంలోనే ఉంది.

శూన్యవాదానికి కొంత ఆధారం ఉంది. కబ్బాలీయులు కేతెర్‌ను 'అయిన్' అని కూడా పిలిచారు. 'ఏమీ లేనిది' అని అర్థం. దేవుడు ఏమీ లేనితనం నుంచి లోకాన్ని సృష్టించాడన్నది మధ్యయుగపు మతతత్త్వవేత్తల సిద్ధాంతం. కబ్బాలీయులు ఆ సూత్రాన్ని అలాగే ఉంచి అర్థాన్ని తలకిందులు చేశారు. ఆ 'ఏమీ లేనితనం' దేవుడిలోనిదే, దేవుడి తొలి అడుగే అన్నారు. యోబు గ్రంథంలో జ్ఞానం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఒకటుంది. హీబ్రూలో 'ఎక్కడినుంచి' అన్న మాటా, 'లేనితనం నుంచి' అన్న మాటా ఒకే రూపంలో ఉంటాయి. వాళ్లు ఆ ప్రశ్నను జవాబుగా చదివారు: రెండవ మెట్టైన జ్ఞానం మొదటి మెట్టైన అయిన్‌లోనుంచి వస్తుంది! నాగార్జునుడి శూన్యత వేరు. వస్తువులు పరస్పరాశ్రితాలు కనుక వాటికి స్వభావసిద్ధి లేదంటాడు ఆయన. శూన్యతను ఒక మూలపదార్థంగా పట్టుకోవద్దని హెచ్చరిస్తాడు కూడా. అయిన్ అలా కాదు. బుద్ధికి చిక్కనంత నిండుగా ఉంది కనుక దానికి 'లేనిది' అన్న పేరు. పేరు ఒకటే అయినా దారులు ఎదురెదురు.

ఇక నిర్గుణబ్రహ్మం. పోలిక తప్పదనుకుంటే దాన్ని ఐన్ సోఫ్‌తో పోల్చుకోవాలి. కేతెర్‌కు మరో పేరు 'రాత్సోన్', అంటే సంకల్పం, కోరిక. శంకరాద్వైతంలో నిర్గుణానికి కోరిక అంటగట్టలేం. కేతెర్‌కు దగ్గర చుట్టం కావాలంటే, సృష్టికి ముందు ఆ తత్త్వం బహురూపం కావాలని కోరుకున్నదని చెప్పే తైత్తిరీయంలోనో, కామమే తొలి బీజమనే నాసదీయసూక్తంలోనో వెతకాలి. అక్కడ కూడా నేను చుట్టరికం దగ్గరే ఆగుతాను, కవలలని అనను.

నిర్గమకాండంలో మోషేకు దేవుడు చెప్పిన 'ఎహ్యె' అన్న నామాన్ని కబ్బాలీయులు కేతెర్‌కు ముడిపెట్టారు. ఇంగ్లీషు అనువాదకులు దాన్ని వర్తమానంలో చెప్పాలా, భవిష్యత్తులో చెప్పాలా అని శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్నారు. మనకు ఆ ఇబ్బంది లేదు. 'ఉంటాను' అంటే చాలు: ఎప్పుడూ ఉండటమూ, ఇకముందు ఉండబోవటమూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. తెలుగు పాఠకుడికి కేతెర్ దగ్గరికి నిజమైన దారి ఇలాంటి చోట దొరుకుతుంది. సమీకరణాలకంటే క్రియాపదం ఎక్కువ సాయం చేస్తుంది.

సంకల్పం మొదటిది, జ్ఞానం రెండవది అన్న వరుసను నేను చాలాకాలంగా తలచుకుంటున్నాను. వైద్యుడిని కనుక ఆ వరుస నాకు రోజూ కనిపిస్తుంది. బతకాలన్న కోరిక రోగిలో కారణాలకంటే ముందుంటుంది. కారణాలు అడిగితే అప్పుడు వెతుక్కుంటాడు. మంచం పక్కన నిలబడిన బంధువుల ప్రశ్న వేరు: "ఎందుకిలా జరిగింది?" కర్మసిద్ధాంతం దానికి కారణం చూపుతుంది. కబ్బాలాలో కూడా 'గిల్గుల్' అనే పునర్జన్మవాదం ఉంది కనుక కింది మెట్లలో అక్కడా కారణాలు దొరుకుతాయి. కాని కారణం అనేదే పుట్టేది రెండవ మెట్టులో అయినప్పుడు, మొదటి మెట్టును 'ఎందుకు' అని అడగలేం. ఇది నిర్దయగా వినిపించవచ్చు. చనిపోతున్న పసిపిల్లకు పూర్వజన్మ పాపాన్ని అంటగట్టే జవాబుకంటే, ఇక్కడ ప్రశ్న ఆగిపోతుందని ఒప్పుకునే మౌనమే నాకు ఎక్కువ నిజాయితీగా తోస్తుంది.

ఆ మౌనంలో కేతెర్ ఏం చేస్తుంది? దీనికి జవాబు కొర్దొవేరో రాసిన 'తోమెర్ దెవోరా' అనే చిన్న నీతిగ్రంథంలో ఉంది. మనిషి ఒక్కొక్క సెఫిరానూ తన నడవడిలో ఎలా అనుకరించాలో ఆయన అందులో చెబుతాడు. రెండవ అధ్యాయం కేతెర్‌ది. అత్యున్నతమైన ఆ మెట్టు నుంచి నేర్చుకోవలసింది అధికారమో సర్వజ్ఞత్వమో అయి ఉంటుందనుకుంటాం. ఆయన చెప్పింది వినయం. కేతెర్ తన మూలం వైపు కన్నెత్తి చూడటానికి సిగ్గుపడి, తనకంటే కిందివారి వైపే చూస్తుందట. అందువల్ల మనిషి నుదుట కోపం ఉండకూడదు, చెవులు చెడుమాటల వైపు తిరగకూడదు, కళ్లు బాధలో ఉన్నవారిని చూడకుండా మూసుకోకూడదు, ముఖం ఎవరు వచ్చినా ప్రసన్నంగా ఉండాలి. 'అయిన్' అన్న తాత్త్విక పదం ఇక్కడ ఆచరణలోకి దిగి, తనను తాను ఏమీ కాదనుకోవడం అవుతుంది. కేతెర్ అర్థమేమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ అధ్యాయాన్నే. ఇందులో ఏ పోలికా అక్కరలేదు. అర్థం కావడానికి వేదాంతమూ అక్కరలేదు.

చదవాలనుకునే మిత్రులకు ఒక సలహా. నేరుగా జోహార్ జోలికి పోవద్దు. డేనియల్ మాట్ 1995లో కూర్చిన 'ది ఎసెన్షియల్ కబ్బాలా' చిన్న పుస్తకం. ముందు అది చదవండి. తరువాత షోలెమ్, ఆ తరువాత కొర్దొవేరో రెండవ అధ్యాయం. చదువుతున్నంతసేపూ "ఇది మనదే కదా" అన్న మాట నోటిదాకా వస్తుంది. పుస్తకం మూసేదాకా దాన్ని అక్కడే ఆపుకోండి.