ఎవరి తాలూకు బాబూ?

మా వీధిలో ఒక మాస్టారున్నారు. డెబ్భై నాలుగేళ్ళు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయినారు. ఆయన దగ్గర మూడు నోటుపుస్తకాల నిండా రైతుల మాటలున్నాయి. మోట, గూడ, ఏతం, వాటి భాగాలు, ఆ భాగాలకి ఊరూరా ఉన్న పేర్లు. మోట తోలిన చేతులు ఇప్పుడెన్ని మిగిలాయి గనుక! అడిగి రాసుకున్న మనిషికీ వయస్సు మీదపడుతోంది. అంచేత ఆ మాటలు పదిమందికీ అందితే బాగుండునని మనవరాలు ఆయన ఫోనులో ఖాతా ఒకటి తెరిచి, తెలుగు పదాల మీద ముచ్చటించుకునే ఒక గుంపులో చేర్చింది.

మాస్టారికి ఉత్సాహం ఆగలేదు. ఎవరెవరో ఎన్నడో అడిగి వదిలేసిన ప్రశ్నలు వెతికి వెతికి, అరగంటలో తొమ్మిదింటికి జవాబులు పెట్టారు. పాఠం చెప్పిన అలవాటు కదా, ప్రతి జవాబు చివరా "మరిన్ని వివరాలకు నన్ను అడుగవచ్చును" అని రాసి, తన ఫోను నంబరు కూడా ఇచ్చారు. పదోది రాయబోయేసరికి తలుపు మూసుకుంది. "సముదాయ నియమాలను ఉల్లంఘించినందున మీ ఖాతా శాశ్వతంగా నిలిపివేయబడినది." ఆ తొమ్మిది జవాబులూ మాయం.

సాయంకాలం మా ఇంటికి వచ్చి, కాఫీ అయినా ముట్టుకోకుండా, "ఏ నియమమంటావోయ్?" అన్నారు. "నలభై యేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించాను. తప్పేమిటో చెప్పకుండా ఒక్కణ్ణీ ఎక్కించలేదు."

నేనేం చెప్పను? ఆ పని చేసింది మనిషి కాదండీ, యంత్రం అన్నాను. కొత్త ఖాతా, అరగంటలో తొమ్మిది రాతలు, తొమ్మిదింటి కిందా ఒకే వాక్యం, ఒకే నంబరు. జుట్టు ఊడకుండా నూనె అమ్ముకునేవాడూ అచ్చంగా ఇలాగే వస్తాడు. యంత్రానికి మోట తెలియదు, నూనె తెలియదు. వచ్చిన తీరు తెలుసు. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. నూనె అమ్మేవాడితో పోల్చినందుకు నా మీద కోపం వచ్చింది కాబోలు.

ఈ సంగతిని లెక్కలు కట్టి చూసినవాళ్ళున్నారు. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరిలో మొదలయింది. ఎవరైనా వచ్చి రాయవచ్చును, దిద్దవచ్చును అన్నది దాని గొప్ప. జనం పెరిగేకొద్దీ అల్లరీ పెరిగింది. అల్లరివాళ్ళని పట్టడానికి యంత్రాలు వచ్చాయి. క్లూబాట్ ఎన్‌జీ అనేదొకటి చెడ్డదని తోచిన దిద్దుబాటుని మనిషి కంటపడకముందే క్షణాల మీద చెరిపేస్తుంది. అయితే చురుగ్గా పనిచేసేవాళ్ళ సంఖ్య 2007లో పైకెక్కి, అక్కణ్ణించి కొన్నేళ్ళపాటు దిగజారుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్ అనే ఆయనా, ఆయన సహచరులూ కారణం వెతికి 2013లో ఒక వ్యాసం ప్రకటించారు. మంచి బుద్ధితో వచ్చే కొత్తవాళ్ళ పాలు ఏమీ తగ్గలేదట. వాళ్ళ తొలి రాతల్ని కొట్టివేయడం మాత్రం ఎక్కువయిందట. తొలి రాతే కొట్టేస్తే ఎంతమంది మళ్ళీ వస్తారు చెప్పండి?

కొత్తవాళ్ళని కరవకండి అని ఆ వికీపీడియాలోనే ఒక నియమం ఉంది సుమండీ. 2012లో కొత్తవాళ్ళు జంకు లేకుండా ప్రశ్నలడగడానికి టీహౌస్ అని ఒక చోటు కూడా పెట్టారు. మన తెలుగు వికీపీడియాలో నలుగురూ మాట్లాడుకునే చోటికి రచ్చబండ అని పేరు. పేరు పెట్టినవారెవరో గాని రసికులు. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర కొత్త మొహం కనిపిస్తే ముందు కుక్క మొరుగుతుంది. వెనకనే ఓ పెద్దాయన "ఎవరి తాలూకు బాబూ?" అంటాడు. అందులోనూ అనుమానం లేకపోలేదు. కాని ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవచ్చును. 1962లో అచ్చయిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చినది, వ్యవసాయపు మాటలదే. ఆ మాటలన్నీ కొత్త మొహాలతో ఊళ్ళలోకి వెళ్ళి రైతుల్ని అడిగి తెచ్చినవి. రైతులు ఊరి పొలిమేరలోనే తరిమేసి ఉంటే ఆ పుస్తకమే లేదు.

కుక్కని పెంచవద్దని నేననను. ఈ గుంపులు నడిపేవాళ్ళలో చాలామంది జీతం లేకుండా, ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి ఆ పని చేస్తారు. రోజూ వచ్చిపడే నూనె ప్రకటనలన్నీ చేత్తో ఏరమంటే వాళ్ళెన్నాళ్ళు ఏరతారు? రాతని ఆపి ఉంచే పని యంత్రానిదే కానీండి. శాశ్వతం అనే మాట మటుకు దాని చేతిలో ఎందుకు పెట్టాలి? తొలి తప్పుకి ఒక పూట ఆపి, ఫోను నంబరు తీసెయ్యండి అని ఒక్క ముక్క చెబితే మాస్టారు తీసెయ్యరూ?

మనవరాలు నిర్వాహకులకి విన్నపం రాసింది. వెంటనే జవాబు వచ్చింది. అదీ యంత్రం రాసినదే. పన్నెండో రోజున ఒక మనిషి రాశాడు. "మాస్టారూ, పొరపాటయింది, క్షమించండి. నంబరు లేకుండా మళ్ళీ పెట్టండి. తొండం గురించి మా తాతగారు కూడా చెబుతుండేవారు."

మాస్టారు ఆ ఉత్తరం నాకు రెండుసార్లు చదివి వినిపించారు. మళ్ళీ రాస్తున్నారు. అయితే భయం పోలేదు. రోజుకి ఒక్కటే పెడతారు. పెట్టి, ఉందో పోయిందో అని రాత్రి భోజనాలయ్యాక ఒకసారి చూసుకుంటారు. నిన్నటికి నాలుగయ్యాయి.