చద్దికుండ దగ్గర మొదలుపెట్టి

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి, కుండ మీద మూత పెట్టి పడుకునేది మా అమ్మమ్మ. తెల్లారి మూత తీస్తే కమ్మని పులుపు వాసన. ఉల్లిపాయ నంజుకుని తిని బడికి పరిగెత్తేవాళ్లం.

వండి చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత చిన్నపేగులో అరగని రూపానికి మారుతుంది. అది పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధానమైన తిండి అదే. పప్పులు, చిరుధాన్యాలు, ఆకుకూరల్లోని పీచు చేసే మేలు కూడా కొంతవరకు ఈ దారినే. ఒక మనిషి ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లని 2016 నాటి అంచనా, అత్యధికం పెద్దపేగులోనే.

ఈ బ్యాక్టీరియాకు మేత వేసే తిండి ఉన్నట్టే, వాటిని చంపే మందులూ ఉన్నాయి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో సాగిన పరిశోధన నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్లలో మొదటిది, ఎన్నో ప్రాణాలు నిలిపిన మందు. కానీ యాంటీబయాటిక్ రోగక్రిములతో పాటు పేగుల్లోని మేలుచేసే వాటినీ చంపుతుంది. జలుబు చేయగానే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొని మింగే అలవాటు నన్ను నిజంగా భయపెడుతోంది. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఆ మాత్ర దాన్ని తాకనే తాకదు. అందుకే ఈ సంచికలో మొదటి వ్యాసం ఆ అలవాటు మీదే వేశాం.